గోదాము ఖాళీకి 55 రోజులు.. సంతకానికి 20 ఏళ్లు

గ్రీన్ కారిడార్ అనగానే మనకు గుండె మార్పిడి గుర్తొస్తుంది. గుండెను పెట్టెలో పెట్టి అంబులెన్సును పరుగులు పెట్టిస్తారు, దారంతా ట్రాఫిక్ ఆపేస్తారు. 2025 జనవరి 1 రాత్రి మధ్యప్రదేశ్‌లోనూ అలాగే ఆపారు. అదీ 250 కిలోమీటర్ల పొడవునా! తేడా ఏంటంటే, ఆ రాత్రి వెళ్లింది చెత్త.

భోపాల్‌లోని పాత యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గోదాములో మూలుగుతున్న 337 టన్నుల విష వ్యర్థాలను 12 కంటైనర్లకు ఎక్కించి, రాత్రి 9 గంటలప్పుడు గేటు దాటించారు. తెల్లారేసరికి లారీలు ఇండోర్ దగ్గరున్న పీథంపూర్ పారిశ్రామికవాడకు చేరాయి. బస్తాల్లోకి ఎత్తడానికి దాదాపు వంద మంది కార్మికులు వంతులేసుకుని పనిచేశారు. ఒక్కో వంతు అరగంటే. తర్వాత రెస్టు.. మళ్లీ పని. ఎత్తడానికి నాలుగు రోజులు, తరలించడానికి ఒక రాత్రి, కాల్చడానికి సుమారు రెండు నెలలు. మరి ఈ పని మొదలుపెట్టడానికి మనకు ఎంతకాలం పట్టిందో తెలుసా? దాదాపు 20 ఏళ్లు.

కెమికల్ ప్లాంటులోనో ఫార్మా కంపెనీలోనో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఈ 20 ఏళ్ల కథ తప్పక తెలుసుకోవాలి. ఎందుకంటే ఇందులో కెమిస్ట్రీ తక్కువ, ఆఫీసు ఎక్కువ.

అసలు అందులో ఏముంది?

చాలా ఛానళ్లు ‘భోపాల్ గ్యాస్ వ్యర్థాలు’ అని రాసేశాయి. అది కరెక్టు కాదు. 1984 డిసెంబరు 2-3 రాత్రి లీకై వేలమందిని బలిగొన్నది మిథైల్ ఐసోసైనేట్ అనే గ్యాస్. అది గాలిలో కలిసిపోయింది. గోదాములో మిగిలింది ఆ ఫ్యాక్టరీ రోజువారీ తుక్కు. సెవిన్ అనే పురుగుమందు తయారీలో మిగిలిపోయినవి, చిందినవి, పనికిరావని పక్కన పడేసినవి. ప్రభుత్వ లెక్క ప్రకారం విషం కలిసిన మట్టి 162 టన్నులు, సెవిన్, నాఫ్తాల్ అవశేషాలు 92, సగం తయారైన పురుగుమందులు 54, రియాక్టర్ వ్యర్థాలు 29 టన్నులు. కూడి చూడండి, 337 వస్తుంది. అంటే దగ్గర దగ్గర సగం మట్టే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, బూడిద దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

2004లో మధ్యప్రదేశ్ హైకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఆ తర్వాత 2005లో ఫ్యాక్టరీ ఆవరణలో అక్కడక్కడా పడి ఉన్న ఈ వ్యర్థాలను ఏరి, బస్తాలకెత్తి, లోపలే ఒక షెడ్డులో పెట్టారు. తాత్కాలికంగా అనుకున్నారు. మన దేశంలో ‘తాత్కాలికం’ ఎంత గట్టిదో మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక రూలు చూడాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏ పరిశ్రమైనా ఇలాంటి వ్యర్థాలను తన ఆవరణలో 90 రోజులకు మించి ఉంచుకోకూడదు. కారణం చూపిస్తే కాలుష్య నియంత్రణ మండలి గడువు కొంత పొడిగించొచ్చు. రూలు రోజుల్లో ఉంది, భోపాల్ గోదాము ఏళ్లలో ఉంది.

‘మాది కాదు’

ఇంతకాలం ఎందుకు ఉండిపోయింది అంటే ‘ప్రభుత్వ నిర్లక్ష్యం’ అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. కానీ కొంచెం లోపలికి వెళ్తే, ఆ సరుకు ఎవరిదో తేలకపోవడం అసలు జబ్బు అనిపిస్తుంది.

యూనియన్ కార్బైడ్ 1994లో తన భారతీయ కంపెనీలోని వాటాలు అమ్మేసి వెళ్లిపోయింది. కొన్న కంపెనీ పేరు మారి ఎవరెడీ ఇండస్ట్రీస్ అయింది. 1998లో ఆ స్థలం లీజు రాష్ట్ర ప్రభుత్వం చేతికి తిరిగొచ్చింది. స్థలంతో పాటు అందులోని తుక్కూ వచ్చిందన్నమాట. 2001లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్‌ను డౌ కెమికల్ కొనేసింది. ‘ఆ ఫ్యాక్టరీ ఏనాడూ మా చేతిలో లేదు’ అన్నది డౌ వాదన. అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి వ్యర్థాల తొలగింపునకు కేంద్రం ఇచ్చిన 126 కోట్ల రూపాయలు ఎవరివి? మనవే. పన్నుల డబ్బు.

ఇలాగే జరగాలని రూలేం లేదు. కొడైకెనాల్‌లో యూనిలీవర్ వాళ్ల థర్మామీటర్ల ఫ్యాక్టరీ నుంచి పాదరసం కలిసిన గాజు వ్యర్థాలను దాదాపు 290 టన్నులు 2003లో ఓడెక్కించి అమెరికాకు పంపించారు. అక్కడ కంపెనీ కళ్లెదుట ఉంది, అడిగేవాళ్లు గట్టిగా అడిగారు. భోపాల్లో అడిగేవాళ్లు అంతకన్నా గట్టిగానే అడిగారు, కానీ తలుపు తీసేవాళ్లు లేరు.

ఇక ఎక్కడ కాల్చాలన్న వేట మొదలైంది. గుజరాత్‌లోని అంకలేశ్వర్ అన్నారు. గుజరాత్ ముందు సరేనని, 2007లో కుదరదంది. నాగ్‌పూర్ దగ్గరి డీఆర్‌డీవో కేంద్రం అన్నారు. మహారాష్ట్ర వద్దంది. 2012లో జర్మనీ సంస్థ జీఐజెడ్ ముందుకొచ్చి, విమానంలో తీసుకెళ్లి హాంబర్గ్‌లో కాలుస్తామంది. ఖర్చు సుమారు 25 కోట్లు. కేంద్ర మంత్రుల బృందం ఓకే కూడా చేసింది. అక్కడి జనం గొడవ చేశారు, ఇక్కడ ఒప్పందం నిబంధనల మీద సాగదీత నడిచింది. ఆ సెప్టెంబరులో జీఐజెడ్ తప్పుకుంది.

క్యాలిక్యులేటర్ తీస్తే మనసు చివుక్కుమంటుంది. 2012లో సుమారు 346 టన్నులకు 25 కోట్లు, అంటే టన్నుకు 7 లక్షల చిల్లర. ఇప్పుడు 337 టన్నులకు 126 కోట్లు, టన్నుకు 37 లక్షల పైనే. కిలోకి 3,700 రూపాయలు! ధరలు పెరిగాయనుకున్నా, ఏర్పాట్లు వేరనుకున్నా ఈ తేడా చిన్నది కాదు. వాయిదా వేయడం ఫ్రీ అనుకుంటాం. దానికీ బిల్లు వస్తుంది.

మా కాలేజీ స్టోర్ రూమ్

ఇంత పెద్ద కథ పక్కన చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, నాకీ విషయం అర్థమైంది మా ఇంజినీరింగ్ కాలేజీలో. ఫైనలియర్‌లో ఉండగా తనిఖీకి టీమ్ వస్తోందని ల్యాబ్ వెనకున్న స్టోర్ రూమ్ ఖాళీ చేయమన్నారు. తలుపు తీస్తే డబ్బా మానిటర్లు పైకప్పు దాకా ఉన్నాయి. ఓ మూల యూపీఎస్ బ్యాటరీలు. కొన్ని ఉబ్బిపోయి, యాసిడ్ కారి, కిందున్న ఇనుప ర్యాకు తుప్పుపట్టి రాలిపోతోంది.

‘వీటిని ఇన్నేళ్లు ఎందుకుంచారన్నా?’ అని ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగా. ఆయన డెడ్ స్టాక్ రిజిస్టర్ తెచ్చి చూపించాడు. ‘ఇవి పోవాలంటే కండెమ్ చేసినట్టు కమిటీ రాయాల బాబూ. ముగ్గురి సంతకాలు కావాల. కొన్న సార్ రిటైరైపోయిండు. కొనని సార్ నేనెందుకు పెట్టాలంటడు. ఉంచితే ఎవ్వడూ అడగడు, తీసేస్తే అందరూ అడుగుతరు.’

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకు బాగా గుర్తుండిపోయిన లెక్చర్ ఇదే. తనిఖీ ముందురోజు మేమంతా కలిసి ఆ బ్యాటరీలను పక్క బ్లాకులో మెట్ల కిందకి మోశాం. స్టోర్ రూమ్ కడిగి ముగ్గేశారు. కాలేజీకి మంచి మార్కులే వచ్చాయి.

ఉంచితే అడగరు, తీసేస్తే అడుగుతారు. ఈ లెక్కకు భోపాల్ ఒక్కటే ఉదాహరణ కాదు. 2020 ఆగస్టు 4న బీరుట్ ఓడరేవులో 12వ నంబరు గోదాము పేలి 200 మందికి పైగా చనిపోయారు. అందులో ఏళ్ల తరబడి ఉన్నది 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్. అప్పుడు మన కస్టమ్స్ వాళ్లకు చెన్నై పక్కన మనాలిలో 2015లో పట్టుకున్న సరుకు గుర్తొచ్చింది. 697 టన్నులు, 37 కంటైనర్లలో, ఐదేళ్లుగా. బీరుట్ పేలిన ఐదో రోజుకల్లా మొదటి కంటైనర్లు రోడ్డెక్కాయి. ఎటో తెలుసా? మన హైదరాబాద్‌కే. ఇక్కడి పేలుడు పదార్థాల కంపెనీ ఒకటి ఈ-వేలంలో కొనుక్కుంది. అంతకుముందు మూడు నెలలకే విశాఖ ఎల్జీ పాలిమర్స్ ప్రమాదం జరిగినప్పుడు, మిగిలిన సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను రోజుల వ్యవధిలో ఓడల్లో దక్షిణ కొరియాకు పంపేశారు. అంటే లారీలు ఉన్నాయి, ఓడలు ఉన్నాయి, రూల్స్ ఉన్నాయి. ఎవరో చనిపోయేదాకా సంతకం మాత్రం ఉండదు.

భోపాల్ సంతకం కూడా కోర్టు కొరడా పట్టుకుంటేనే వచ్చింది. దుర్ఘటనకు 40 ఏళ్లు నిండిన 2024 డిసెంబరు 3న హైకోర్టు నాలుగు వారాల్లో ఆ సరుకు కదలాలని గడువు పెట్టింది. లేదంటే కోర్టు ధిక్కారమేనని హెచ్చరించింది. సరిగ్గా నాలుగు వారాలకు కదిలింది!

బట్టీలో ఏం జరిగింది?

పీథంపూర్ కేంద్రాన్ని నడిపేది హైదరాబాద్ కంపెనీయే. ఒకప్పటి రాంకీ ఎన్విరో ఇంజినీర్స్, ఇప్పటి రీ సస్టెయినబిలిటీ గ్రూపుది. అక్కడ కాల్చడమంటే మన ఊరి చివర చెత్తకుప్పకు నిప్పంటించడం లాంటిది కాదు. మొదటి గదిలో 850 డిగ్రీల చుట్టూ వేడి ఉంటుంది. అక్కడ పుట్టిన వాయువులు రెండో గదిలోకి వెళ్లి, 1,100 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు ఉండాలి. ఆ రెండు సెకన్లలోనే విషపు అణువులు విడిపోతాయి. తర్వాత వాయువును చటుక్కున చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే 450 నుంచి 200 డిగ్రీల మధ్య డయాక్సిన్లనే భయంకరమైన విషాలు మళ్లీ తయారవుతాయి. ఆపైన సున్నం, యాక్టివేటెడ్ కార్బన్, బ్యాగ్ ఫిల్టర్లు దాటాకే చిమ్నీ.

ముందుగా పదేసి టన్నులతో మూడు ట్రయల్స్ వేశారు. గంటకు 135 కిలోలు, 180, చివరికి 270. వాయువులన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి హైకోర్టుకు నివేదించింది. మిగిలిన 307 టన్నులు 72 రోజుల్లో కాల్చేయమని కోర్టు చెప్పింది. గంటకు 270 కిలోల చొప్పున ఆపకుండా కాలిస్తే 1,137 గంటలు, అంటే 47 రోజులు. మే 5 సాయంత్రం మొదలుపెట్టి జూన్ 30 అర్ధరాత్రి దాటాక ముగించారు. 55 రోజులు. పెద్ద యంత్రాలకు మధ్యలో కొంత ఆపడం మామూలే, కాబట్టి లెక్క సరిపోయింది.

అదే జూన్ 30 పొద్దున మన సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. రెండింటికీ సంబంధం లేదు. కానీ ఆ రోజు ఫోన్లో ఈ రెండు వార్తలూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. చాలాసేపు స్క్రోల్ చేయలేకపోయాను.

ఇక బూడిద. 337 టన్నులు కాలిస్తే ఎంత మిగలాలి? పది ఇరవై టన్నులు అనుకుంటాం. మిగిలింది 800 టన్నుల పైనే! ఇదేం మాయ కాదు. సగం మట్టి అని చెప్పుకున్నాం కదా, మట్టి కాలదు. దానికి తోడు ఆమ్లాన్ని విరిచేయడానికి సున్నం దండిగా కలిపారు. అదంతా అవశేషంలోకే చేరింది. విషపు కర్బన పదార్థాలు పోయాయి, భార లోహాలు మాత్రం ఎంత వేడికీ నాశనం కావు. అవి రూపం మార్చుకుని బూడిదలోనో, ఫిల్టర్‌లోనో ఉంటాయి. ఆ బూడిదను ఎక్కడ పూడ్చాలన్నది మళ్లీ కోర్టుకెక్కింది.

తెరమీద కనిపించని అంకె

లారీలు చేరిన మర్నాడే పీథంపూర్ భగ్గుమంది. జనవరి 3న బంద్, లాఠీఛార్జి. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. సోషల్ మీడియాలో మన టెక్ జనం కొందరు ‘సైన్స్ తెలియని మూక’ అని రాశారు. నేనైతే వాళ్లను తప్పుబట్టలేను. ఇరవై ఏళ్లు ఒక్క రాష్ట్రమూ, ఆఖరికి జర్మనీ కూడా వద్దన్న సరుకును, న్యూ ఇయర్ రాత్రి పోలీసుల మధ్య మీ ఇంటి పక్కకు తెస్తే మీరేమనుకుంటారు?

ఆన్‌లైన్ మీటర్లు చూసుకోండి అని అధికారులంటారు. కరెక్టే. చిమ్నీకి పెట్టిన సెన్సర్లు కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, ధూళి లాంటివి నిమిషం నిమిషం చూపిస్తాయి. కానీ జనం అసలు భయపడేది డయాక్సిన్లకు. అవి లైవ్‌లో కనిపించవు. గంటల తరబడి వాయువు నమూనా పట్టి, ల్యాబుకు పంపి, రిపోర్టు కోసం ఆగాలి. దాని పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. అంటే ఏ అంకె మీద ఊరంతా ఆందోళన పడుతోందో అదే తెరమీద ఉండదు. ఈ సంగతి ముందే ఊళ్లో కూర్చుని తెలుగులో.. సారీ, వాళ్ల హిందీలో విడమరిచి చెప్పి, నమూనా తీసేటప్పుడు ఊరి నుంచి ఇద్దరిని నిలబెట్టి ఉంటే? గొడవ మొత్తం ఆగేదని అనను. ఒంటికి నిప్పంటించుకునేదాకా వెళ్లేది కాదేమో.

భోపాల్ బాధితుల సంఘాల కోపం ఇంకోటి. ఈ 337 టన్నులు చూపించి చేతులు కడిగేసుకుంటున్నారని. నాగ్‌పూర్‌లోని నీరి, మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం ఆ ఆవరణలో, చుట్టుపక్కల కలుషితమైన మట్టి సుమారు 11 లక్షల టన్నులు. దాని ముందు 337 టన్నులు 0.03 శాతం. చుట్టూ ఉన్న బస్తీల బోరు నీళ్లు పాడయ్యాయి కాబట్టే పైపుల నీరివ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పాల్సి వచ్చింది. గోదాములో సరుకును లారీ ఎక్కించొచ్చు. మట్టిలోకి దిగిన సరుకును ఎక్కించలేం.

మరి మనకేంటి?

చాలా ఉంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘తీవ్ర కాలుష్య ప్రాంతాలు’గా తేల్చిన 43 పారిశ్రామికవాడల్లో విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం ఉన్నాయి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు దుండిగల్‌లో, పరవాడలో నడుస్తున్నాయి. వాటికి సరుకు పంపే ఫార్మా, బల్క్ డ్రగ్ యూనిట్లలో మన క్లాస్‌మేట్లే పనిచేస్తున్నారు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. అనుమానాస్పద స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, బాధ్యులతో శుభ్రం చేయించడం, బాధ్యులు దొరకకపోతే ప్రభుత్వమే చేయడం వాటి సారాంశం. సరిగ్గా అమలైతే మట్టి నమూనాలు తీసేవాళ్లు, భూగర్భజలాల మోడలింగ్ తెలిసినవాళ్లు, జీఐఎస్ మ్యాపులు చేసేవాళ్లు బోలెడు మంది కావాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్‌కు గేట్‌లో 2021 నుంచే ప్రత్యేక పేపరుంది. కాలుష్య నియంత్రణ మండళ్లలో ఇంజినీరు పోస్టులు, కంపెనీల్లో ఈహెచ్‌ఎస్ విభాగాలు ఎలాగూ ఉన్నాయి. సివిల్, కెమికల్ వాళ్లందరూ కోడింగ్ కోర్సుల వైపు పరుగెత్తే ముందు ఒకసారి ఇటు చూడండి. నేనూ పరుగెత్తినవాణ్నే, అందుకే చెబుతున్నా.

ఉద్యోగంలో చేరాక మీ చేతికొచ్చే కాగితాలు పెద్ద గ్లామరస్‌గా ఉండవు. రోజూ ఎంత వ్యర్థం పుట్టింది, ఎంత ఉంది, ఎంత వెళ్లిందీ రాసే ఫారం 3. డ్రమ్ముకు అంటించే లేబులు ఫారం 8. లారీతో పాటు వెళ్లే ఏడు రంగుల కాపీల మ్యానిఫెస్టు ఫారం 10. కొత్తగా చేరినవాళ్లకు ఇవి అప్పజెప్పి, సీనియర్లు హమ్మయ్య అనుకుంటారు. నా సలహా ఒక్కటే. మొదటి వారంలోనే వ్యర్థాల షెడ్డుకు వెళ్లి అన్నిటికన్నా వెనకున్న డ్రమ్ము మీద తేదీ చూడండి. 90 రోజులు దాటితే ఆ రోజే మెయిల్ పెట్టండి. నోటితో చెప్పొద్దు, మెయిలే పెట్టండి. తేదీ అసలు లేకపోతే ఇంకా తొందరగా పెట్టండి.

మా కాలేజీ బ్యాటరీల సంగతి ఈమధ్య ఒక జూనియర్‌ను అడిగా. మెట్ల కింద ఇప్పుడు ఒక తలుపు పెట్టి తాళం వేశారట. లోపలేముందో వాడికి తెలీదు.

పీథంపూర్‌లో దహనం ముగిసిన రోజున అధికారులు ఒక ప్రకటన చేశారు. మిగిలిన అవశేషాన్ని బస్తాలకెత్తి, లీకేజీ లేని ఒక షెడ్డులో భద్రంగా ఉంచామని.